తోక మాటలు

నా పేరు బెరిల్ కెర్టన్. వయసు అరవై నాలుగు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండేదాన్ని, మానేసి కొన్నేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. యార్క్‌షైర్ కొండల్లో థార్న్‌గిల్ ఊరికి పైన, హై ఇంగ్ అనే గొర్రెల పొలంలో, నేను పుట్టిన ఇంట్లోనే, నా తమ్ముడు క్లిఫర్డ్ కెర్టన్‌తో కలిసి ఉంటున్నాను. 2013 అక్టోబరు 15, మంగళవారం ఉదయం, పోలీసు స్టేషనులో సార్జెంట్ హెదర్ లాంగ్‌స్టాఫ్ గారి ఎదుట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను. సార్జెంటు గారు కుర్చీ చూపించారు గాని నిలబడే చెబుతున్నాను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు.

అసలు మాట ముందు చెప్పబోయాను. వరుసలో చెప్పమన్నారు. వరుసలోనే చెబుతాను.

మీరు అరెస్టు చేసిన గావ్రిల్ ఓప్రిష్ మా పొలంలో రెండున్నరేళ్ళుగా పని చేస్తున్నాడు. రుమేనియా కొండల మనిషి, ముప్పై నాలుగేళ్ళు. గొర్రెల పని అతనికి మేము నేర్పిందేమీ లేదు. మేము నేర్పింది భాష ఒక్కటే. అది కూడా పద్ధతిగా కాదు, పొద్దున టీ తాగుతూ, గిన్నెలు కడుగుతూ. అతనికి పెద్ద మాటలతో ఇబ్బంది లేదు. చిన్నవాటితోనే. ఒకసారి చెప్పాడు: "మీ చిన్న మాటలకి తోకలున్నాయి బెరిల్‌గారూ. తోక మారిస్తే జంతువే మారిపోతుంది." అప్పటి నుంచి మా ఇంట్లో వాటిని తోక మాటలనే అంటాము.

నేను పుట్టినప్పటి నుంచి ఆ మాటలే మాట్లాడుతున్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. గెట్ అనే ఒక్క మాట చూడండి. వెనక 'అప్' తగిలిస్తే నిద్ర లేవడం. 'ఓవర్' తగిలిస్తే జబ్బు నుంచి కోలుకోవడం. 'బై' తగిలిస్తే ఉన్నదాంతో నెట్టుకురావడం. 'ఆన్' తగిలిస్తే బస్సు ఎక్కడం. ఒక రోజు క్లిఫర్డ్ మా పొరుగు ముసలాయన గురించి మాట్లాడుతూ "పాపం, గెటింగ్ ఆన్" అన్నాడు. వయసు మీద పడుతోందని అతని ఉద్దేశం. గావ్రిల్ కిటికీలోంచి తొంగి చూసి ఏ బస్సని అడిగాడు.

నవ్వు వచ్చే సంగతులే కాదు. పోయిన వసంతంలో మా ముసలి కుక్క ఫ్లైకి లోపల పుండు పుట్టి తిండి మానేసింది, ట్రక్కు సీటు మీదే పడుకొని ఉండేది. క్లిఫర్డ్ పొద్దున్నే గొర్రెల దగ్గరికి వెళ్తూ, మధ్యాహ్నం దాన్ని 'పుట్ డౌన్' చెయ్యాలి, డాక్టరు వస్తాడు అన్నాడు. అంటే సూది వేయించి దాని బాధ తీర్చేయడం. అతను తిరిగొచ్చేసరికి ఫ్లై ట్రక్కు సీటు మీద లేదు. కొట్టంలో మెత్తటి గడ్డి పరిచి దాని మీద పడుకొని ఉంది, తల కింద గావ్రిల్ కోటు ఉంది. "దించేశాను క్లిఫర్డ్. నెమ్మదిగానే దించాను, అరవలేదు" అన్నాడు గావ్రిల్. క్లిఫర్డ్ పెరట్లోకి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ మాటకు రెండో అర్థం నేనే చెప్పాను. చెబుతుంటే గావ్రిల్ చెవులు మూసుకున్నాడు.

ఇదంతా కేసుకు ఎందుకని సార్జెంటు గారు అడిగారు. కేసంతా ఇదేనని చెప్పాను.

శుక్రవారం సాయంత్రం సంగతికి వస్తాను. మా అన్నం వేళకు, అంటే ఇంకా వెలుతురు ఉండగానే, మేము ముగ్గురం ఊరి పబ్బులో ఉన్నాము. క్లిఫర్డ్ కొడుకు డారెన్ అవతల గోడ దగ్గర స్నేహితులతో పలకకు చిన్న బాణాలు విసిరే ఆట ఆడుతున్నాడు. డారెన్ లారీ నడిపే ఉద్యోగం వదిలేసి ఈ వేసవిలోనే పొలానికి తిరిగొచ్చాడు. క్లిఫర్డ్ ఎన్ని రోజులుగానో నాన్చిన మాట ఆ సాయంత్రం గావ్రిల్‌తో అనేశాడు. "వచ్చే నెల నుంచి నిన్ను పెట్టుకోలేనయ్యా. వాడొచ్చేశాడు. ముగ్గురికి సరిపడా పని లేదు" అన్నాడు. గావ్రిల్ తన ముందున్న మాంసం కూరిన రొట్టె పళ్ళెం పక్కకు జరిపాడు. తర్వాత లేచి నిలబడి, ఆ గోలలో వినపడాలని గొంతు పెంచి ఇలా అన్నాడు:

"సరే, నేను వెళ్తాను. కానీ ముందు నిన్ను 'సీ ఆఫ్' చేస్తాను క్లిఫర్డ్."

డారెన్ ఈ మాట విన్నాడు. మీకు చెప్పాడు. విన్నది నిజం. ఆ మాటకు ఒకడి అంతు చూడడమనే అర్థం ఉన్నదీ నిజం. కాని అదే మాటకు ఊరెళ్ళే మనిషిని బండి దాకా సాగనంపడమని కూడా అర్థం. గావ్రిల్‌కు తెలిసిన అర్థం అదొక్కటే. ఎలా చెప్పగలనంటే, అది నేర్పింది నేను. పోయినేడాది ఈస్టరుకు అతను ఇంటికి వెళ్తుంటే బస్సు దగ్గరికి వెళ్ళాను. ఎందుకొచ్చారని అడిగితే ఈ మాట చెప్పాను. బస్సు కదిలే దాకా అతను కిటికీలోంచి దాన్నే పైకి అనుకుంటూ కూర్చున్నాడు. క్లిఫర్డ్ సోమవారం పొట్టేళ్ళ సంతకు స్కాట్లండు వెళ్ళాలి. తన ఊళ్ళో ఎంత కోపమున్నా ప్రయాణమయ్యే మనిషిని ఒంటరిగా పంపరట. ఉద్యోగం పోయిందని పగ పెట్టుకోను, సోమవారం స్టేషనుకు వస్తాను అని చెప్పబోయి ఆ ఒక్క వాక్యం చెప్పాడు. క్లిఫర్డ్‌కు అర్థమైంది. "రైలు పొద్దున్నే, నిద్ర లేస్తావా?" అని అడిగాడు. ఈ ప్రశ్న డారెన్‌కు వినపడలేదు. నాకు వినపడింది.

ఇక ఆదివారం. పొద్దున పది దాటాక, మా కుర్ర కుక్క టిప్ బీడు మీద కనిపించకుండా పోయింది. వెతగ్గా వెతగ్గా పాత సీసపు గని గొయ్యిలోంచి దాని ఏడుపు వినిపించింది. ఆ గోతులు మా తాతల కాలం నాటివి. పైన కప్పిన చెక్క కుళ్ళిపోయింది. లోతు నాలుగు నిలువులు ఉంటుంది. చుట్టూ రాతి కట్టు. క్లిఫర్డ్, గావ్రిల్, నేను నాలుగు చక్రాల బైకు మీద తాడుతో వెళ్ళాము. గావ్రిల్ తాను దిగుతానన్నాడు. "కుక్క నాది, నా మాటే వింటుంది" అని క్లిఫర్డ్ ఒప్పుకోలేదు. తాడు నడుముకు కట్టుకున్నాడు. తాడును ఇనుప గుంజకు ఒక చుట్టు తిప్పి, రెండు చేతులతో పట్టుకొని, కొంచెం కొంచెంగా వదులుతూ గావ్రిల్ అతన్ని కిందికి దించాడు. దయచేసి ఈ వాక్యాన్ని నేను చెప్పినట్టే రాయండి. గావ్రిల్ అతన్ని కిందికి దించాడు.

క్లిఫర్డ్ ముందు టిప్‌ను దాణా సంచిలో పెట్టి పైకి పంపాడు. దానికి దెబ్బలు లేవు. తర్వాత తన వంతు. తాడు రెండో కొసను బైకుకు కట్టాము. గావ్రిల్ బైకును గొయ్యి నుంచి దూరంగా నడుపుతుంటే క్లిఫర్డ్ పైకి వస్తాడు. నేను బోర్లా పడుకొని గోతిలోకి చూస్తున్నాను. గావ్రిల్ వీపు నా వైపు ఉంది. గాలి హోరు, ఇంజను హోరు.

సగం దూరం వచ్చాక గోతి గోడలో ఒక రాయి కదిలింది. దాని పక్కది కూడా కదిలింది. క్లిఫర్డ్ కేక వేశాడు. కింది నుంచి అతను ఏ మాట అన్నాడో, వెనక్కి తిరిగి గావ్రిల్‌తో నేనూ అదే మాట అన్నాను. 'పుల్ అప్.'

గావ్రిల్ బైకు ఆపేశాడు.

నేను మళ్ళీ అరిచాను. పుల్ అప్, పుల్ అప్. అతను బ్రేకు నొక్కి ఇంజను కూడా కట్టేశాడు.

సార్జెంటు గారూ, ఆ మాటకు పైకి లాగడమని అర్థం. బండి నడిపేవాడికి మాత్రం ఆపమని అర్థం. రెండూ మనం రోజూ అనేవే. గావ్రిల్ మా బైకు నడపడం నేర్చుకున్నది క్లిఫర్డ్ దగ్గర. ప్రతి గేటు ముందూ, ప్రతి వాగు ముందూ క్లిఫర్డ్ వెనక కూర్చొని 'పుల్ అప్' అనేవాడు. గావ్రిల్ ఆపేవాడు. రెండున్నరేళ్ళు అలాగే జరిగింది. ఆదివారం బైకు మీద కూర్చొని ఉండగా వెనక నుంచి అదే కేక వినపడింది. ఆపాడు. ఇంకా గట్టిగా వినపడింది. ఇంకా గట్టిగా ఆపాడు. చెప్పినట్టు చేశాడు. నేను ఎంత అరిస్తే అంత చెప్పినట్టు చేశాడు.

ఎదుటి వాలులో రాళ్ళ గోడ బాగుచేస్తున్న డారెన్‌కు ఇదే కనిపించింది. అత్త చేతులు ఊపి బతిమాలుతోంది, గావ్రిల్ ఇంజను కట్టేసి కదలకుండా కూర్చున్నాడు. అక్కడి నుంచి చూస్తే నాకైనా అలాగే కనిపించేది.

రాతి కట్టు కూలింది. తాడు అంచు రాయి మీద ఒరుసుకొని తెగింది. ఆ చప్పుడు నేను చెప్పలేను. అడగవద్దు.

గావ్రిల్ పరుగెత్తుకొచ్చి గోతిలోకి చూశాడు, నా మొహం చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. తన భాషలో ఏదో అన్నాడు. బీడు మీద ఫోను పనిచేయదు. నేను రోడ్డు వైపు పరుగు తీశాను. వెళ్ళేటప్పుడు ఒకసారి తిరిగి చూస్తే, అతను బైకును అంచు దాకా తోసి, తెగిన తాడు దానికి బిగించి కడుతున్నాడు. ఆ తర్వాత నేను చూడలేదు.

చూసింది డారెన్. కాదు, విన్నాడు. వాడు వాగు దాటి పైకి వచ్చేసరికి పైన ఎవరూ లేరు. కింద చీకట్లో గావ్రిల్ ఆపకుండా మాట్లాడుతున్నాడు. మా తమ్ముడి గొంతు "చాలురా, వదిలెయ్ నన్ను, నీకు దణ్ణం పెడతాను వదిలెయ్" అంటోంది. డారెన్ దిగబోతే గావ్రిల్ రావద్దని కేకలు వేశాడు. కొండ మీద ప్రమాదాలకు వచ్చే దళం మధ్యాహ్నానికి ఇద్దరినీ పైకి తీసింది. క్లిఫర్డ్‌కు తుంటి ఎముక, రెండు కాళ్ళు విరిగాయి, తలకు దెబ్బ తగిలింది. డారెన్ చెప్పింది విని మీ వాళ్ళు గావ్రిల్‌ను అక్కడి నుంచే తీసుకెళ్ళారు. అతను ఎదురు తిరగలేదు. టిప్ ఇంకా సంచిలోనే ఉందని, ముడి విప్పమని నాతో చెప్పాడు.

కింద ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియనిది తెలుసని చెప్పను.

ఇప్పుడు నేను వచ్చిన పని. నిన్న, సోమవారం పొద్దున, ఆపరేషను తర్వాత క్లిఫర్డ్ కళ్ళు తెరిచాడు. మంచానికి ఒక పక్క నేను, ఒక పక్క మీ కానిస్టేబులు. ఏం జరిగిందని కానిస్టేబులు అడిగాడు. క్లిఫర్డ్ పెదాలు తడుపుకొని, "గావ్రిల్ 'లెట్ మీ డౌన్'" అన్నాడు. అంతే, మళ్ళీ మగతలోకి వెళ్ళిపోయాడు. కానిస్టేబులు రాసుకొని టోపీ పెట్టుకున్నాడు. నమ్మిన మనిషి తనను ముంచాడని బాధితుడే చెప్పాడని అతను రాసుకున్నాడు. ఆ కాగితం మీ దగ్గర ఉంది.

నేను అప్పుడే అన్నాను, ఆగండి, అతను ఇంకా మాట్లాడడం మొదలుపెట్టాడంతే అని. క్లిఫర్డ్ ఏది చెప్పినా మొదటి నుంచే చెబుతాడు. పబ్బుకు వెళ్ళిన సంగతి చెప్పాలంటే బూట్లు వేసుకోవడం దగ్గర మొదలుపెట్టే మనిషి. గోతి కథకు మొదలు ఏమిటి? గావ్రిల్ తాడు కట్టి అతన్ని కిందికి దించడం. 'లెట్ డౌన్' అంటే దించడం. ముంచడమని కూడా అర్థం ఉంది. నిన్నటి నుంచి నేను ఆ మాటనే నములుతూ ఉన్నాను. రాత్రి ఒక్క రెప్ప వేయలేదు. మూడు మాటల మీద ఒక మనిషిని జైల్లో పెడతారా?

సార్జెంటు గారు, గావ్రిల్ స్వయంగా ఒప్పుకున్నాడని చెప్పారు. ఏ మాటల్లో ఒప్పుకున్నాడని అడిగాను. "నువ్వు క్లిఫర్డ్‌ని 'లెట్ డౌన్' చేశావా అని అడిగితే, అవును, నేనే చేశానన్నాడు" అన్నారు. ఏడ్చాడు కూడానట.

దించావా అని అడిగితే దించాననే అంటాడు కదా. అబద్ధం ఎందుకు చెబుతాడు? అతనికి రెండో అర్థం తెలుసా అని మీలో ఎవరైనా అడిగారా? తెలియకపోతే నేర్పడానికి అప్పుడు ఇక్కడ నేను లేను.

సార్జెంటు గారు కలం కింద పెట్టారు. క్లిఫర్డ్ పూర్తిగా మాట్లాడే స్థితికి రాగానే తానే వెళ్ళి మిగతాది అడుగుతానని, నేను ఆ గదిలో ఉండవచ్చునని, నోరు మాత్రం విప్పకూడదని చెప్పారు. ఒప్పుకున్నాను. ఇంతవరకు ఇది నా మొదటి వాంగ్మూలం.

అదనపు వాంగ్మూలం, అక్టోబరు 16, బుధవారం మధ్యాహ్నం. అదే స్టేషను, అదే సార్జెంటు గారు.

ఈ పొద్దున నేను సార్జెంటు గారి వెంట ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ దగ్గర నిలబడ్డాను. నోరు విప్పలేదు. విప్పకుండా ఉండడం నా జీవితంలో ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు. కర్టెను అంచు చింపేశానట, తర్వాత నర్సు చెప్పింది.

క్లిఫర్డ్ దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. సోమవారం అన్న మాట సార్జెంటు గారు చదివి వినిపించారు. క్లిఫర్డ్ అయోమయంగా చూశాడు.

"అవునమ్మా, దించాడు. గుడ్ల బుట్ట దించినట్టు దించాడు. దానికేమిటి?" అన్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందని ఆమె అడిగారు. క్లిఫర్డ్ చెప్పింది అతని మాటల్లోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను. తాడు తెగి పడ్డాక కొంతసేపు ఏమీ తెలియలేదు. తర్వాత పై నుంచి కాళ్ళు కనిపించాయి. తాడు కింది దాకా రాలేదు. చివరి నిలువు గావ్రిల్ దూకాడు. తిరిగి ఎలా ఎక్కుతాడో అతనికీ తెలియదు. రాళ్ళు తీసేసి, క్లిఫర్డ్ తలను తన ఒళ్ళో పెట్టుకున్నాడు. రాళ్ళు ఇంకా జారుతున్నాయని డారెన్‌ను దిగవద్దని అరిచాడు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనివ్వకూడదని అతనికి తెలుసు. క్లిఫర్డ్‌కు మాత్రం నిద్ర తప్ప ఇంకేమీ అక్కరలేదు.

"చలి పోయిందక్కా" అన్నాడు నా వైపు తిరిగి. "అదీ భయం. హాయిగా ఉంది. కళ్ళు మూసుకుంటే చాలు. వీడు మూసుకోనిస్తేగా! 'క్లిఫర్డ్, కెటిల్ పుట్ ఆఫ్ చెయ్యనా' అంటాడు. ఆఫ్ ఏంట్రా, ఆన్ అంటాను. ఇంకాసేపటికి, 'పొద్దున నువ్వు గెట్ డౌన్ అయ్యి కోటు టేక్ ఇన్ చేస్తావా' అంటాడు. ఎవడైనా ఊరుకుంటాడా? గెట్ అప్, పుట్ ఆన్ అని దిద్దుతాను. మళ్ళీ కన్ను మూతపడుతుంది. మళ్ళీ ఇంకో తప్పు. చివరికి చెప్పాను, చాలురా, వదిలెయ్ నన్ను, నీకు దణ్ణం పెడతానని. వదల్లేదు. వందసార్లు దిద్దించాడు. చచ్చిపోదామంటే, ఇంత దరిద్రపు ఇంగ్లీషు వీడి నోట్లో వదిలేసి ఎలా పోతాను?"

డారెన్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. వాడు ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు.

గావ్రిల్ ఇంగ్లీషు అంత చెడ్డదా అని సార్జెంటు గారు నన్ను అడిగారు. ఇప్పుడు నోరు విప్పవచ్చునా అని అడిగి, చెప్పాను. మా ఇంట్లో టీ కెటిల్ పెట్టేది గావ్రిల్. ఆ వాక్యం అతను చివరిసారి తప్పు చెప్పి రెండేళ్ళయింది. క్లిఫర్డ్ నా వైపు చూసి, పైకప్పు వైపు చూసి, "ఓరి వీడి దుంప తెగ" అన్నాడు నెమ్మదిగా. తర్వాత దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

గావ్రిల్‌ను మధ్యాహ్నం వదిలేశారు. వదలబోయే ముందు 'లెట్ డౌన్'కు ఉన్న రెండో అర్థం ఏమిటో దుభాషి అతనికి వివరించాడు. అతను, "అయితే అది కూడా నిజమే. లాగమంటే ఆపాను" అన్నాడట. అది కూడా వాంగ్మూలంగా రాయాలా అని సార్జెంటు గారు నన్నే అడిగారు. వద్దన్నాను. రాస్తే, పక్కనే నేను చెప్పింది కూడా రాయండి: చెప్పిన మాట విని ఆపినవాడిది ద్రోహం కాదు.

క్లిఫర్డ్ నడవగలడో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు. ఈ చలికాలానికి గొర్రెలను ఎవరు చూడాలో ఇంట్లో మాట్లాడుకోలేదు. గావ్రిల్ ప్రస్తుతం పొలానికి వెళ్ళాడు, పొద్దుటి నుంచి మంద ఆకలితో ఉంటుందని.

డారెన్ గురించి ఒక మాట రాయమని అడుగుతున్నాను. వాడు అబద్ధం చెప్పలేదు. పబ్బులో విన్న మాట విన్నట్టే చెప్పాడు, వాలు మీద నుంచి చూసింది చూసినట్టే చెప్పాడు, గోతిలో తండ్రి వదిలెయ్యమని వేడుకోవడం విన్నాడు, అదే చెప్పాడు. వాడి మీద కేసు ఏమీ పెట్టవద్దు. వాడు బయట ట్రక్కులో నా కోసం కూర్చొని ఉన్నాడు. ఇంజను ఆపలేదు, ఇక్కడికి వినపడుతోంది. ఇంటి దాకా వాడి పక్కన కూర్చొని వెళ్ళాలి. దారిలో వాడితో ఏ మాట మొదట అనాలో నాకు ఇంకా తోచలేదు. ఇది కేసుకు అక్కరలేదని సార్జెంటు గారు అన్నారు. అయినా ఉండనివ్వమన్నాను.

పైన ఉన్నదంతా సార్జెంటు గారు నాకు నిదానంగా చదివి వినిపించారు. నాలుగు చోట్ల ఆపించి దిద్దించాను. ఇప్పుడు ఇందులో ఉన్న ఏ మాటకూ నేను ఉద్దేశించిన అర్థం తప్ప ఇంకో అర్థం లేదు. ఇది నిజమని ఒప్పుకొని సంతకం చేస్తున్నాను.

(సంతకం) బెరిల్ కెర్టన్